‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యి’ అన్నాడంటే అక్కడే ఆగిపోండి

ఈసారి మెయిల్ తెరిస్తే చాలావరకు ఒకటే గొడవ. గేమ్ చీట్స్ అనో డైమండ్స్ జనరేటర్ అనో హ్యాకింగ్ టూల్ అనో ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేయడం, అకౌంట్లు పోవడం, ఇంట్లో చెప్పుకోలేక మాకు రాయడం. అందుకే కాలమ్ మొత్తం ఈ విషయానికే ఇచ్చేశాం. ఎవరి పేర్లూ వేయట్లేదు, దాచుకోకుండా రాసినందుకు మాత్రం అందరికీ థాంక్స్.

ప్రశ్న: అన్నా, నేను కాలేజీ స్టూడెంట్‌ని. నేనాడే షూటింగ్ గేమ్‌కి ఫ్రీ ఎయిమ్‌బాట్ (గురి తనే పెట్టేసే చీట్) అని యూట్యూబ్‌లో వీడియో కనిపిస్తే కింద ఉన్న లింక్ నుంచి జిప్ ఫైల్ దింపుకున్నా. జిప్ పాస్‌వర్డ్ 1234 అని అక్కడే రాసుంది. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆఫ్ చేసి అడ్మిన్‌గా రన్ చెయ్యమన్నాడు, చేశా. ఒక్క క్షణం నల్ల విండో మెరిసి మాయమైంది, అంతే, ఇంకేం రాలేదు. పనిచెయ్యలేదేమో అని వదిలేశా. పొద్దున లేచేసరికి నా డిస్కార్డ్ చాట్ అకౌంట్ నుంచి ఫ్రెండ్స్ అందరికీ ఏవేవో లింకులు వెళ్ళున్నాయి, జీమెయిల్‌లో కొత్త డివైస్ నుంచి లాగిన్ అయినట్టు నోటీస్ ఉంది. వెంటనే అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మార్చా, సాయంత్రానికి మళ్ళీ అదే తంతు. నాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లోనే ఉంది, ఓటీపీ కూడా రాలేదు, మరి ఎలా దూరారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఒకటి చెప్తా విను, ఇది చదువుతున్నది ఆ కంప్యూటర్‌లోనే అయితే దాని వైఫై ఆఫ్ చేసి ఫోన్‌లో చదువు. 

ఆ నల్ల విండో మెరిసిన క్షణంలోనే దాని పని మొదలైంది. దాన్ని ఇన్ఫోస్టీలర్ అంటారు, అంటే నీ కంప్యూటర్లో ఉన్న సమాచారం ఊడ్చుకుపోయే ప్రోగ్రామ్. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్‌లో ఉన్న కార్డు వివరాలు, కుకీలు, డిస్కార్డ్ టోకెన్ (నువ్వు లాగిన్ అయి ఉన్నావని చెప్పే గుర్తు), క్రిప్టో వాలెట్ ఉంటే అది, డెస్క్‌టాప్ మీద పాస్‌వర్డ్స్ అని పేరు పెట్టుకున్న నోట్‌ప్యాడ్ ఫైల్ ఉంటే అదీ, అన్నీ మూటగట్టి వాడికి పంపేస్తుంది. చాలాసార్లు దీనికి కొన్ని నిమిషాలు కూడా పట్టదు, కొన్ని రకాలైతే పని అవ్వగానే తమని తామే డిలీట్ చేసుకుంటాయి కాబట్టి తర్వాత స్కాన్ చేసినా ఏమీ దొరక్కపోవచ్చు.

ఓటీపీ ఎందుకు రాలేదంటే, వాడు లాగిన్ పేజీ దాకా రానే లేదు. నువ్వు ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్ళాక ఆ సైట్ నీ బ్రౌజర్‌కి ఒక సెషన్ కుకీ ఇస్తుంది, ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ చూసి చేతి మీద ముద్ర వేసినట్టన్నమాట, ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగొచ్చినా ముద్ర చూస్తారు గానీ టికెట్ అడగరు. వాడు ఎత్తుకెళ్ళింది ఆ ముద్రనే. దాన్ని తన బ్రౌజర్‌లో పెట్టుకుంటే సైట్‌కి వాడూ నువ్వే. అలాగని టూ స్టెప్ దండగ అనుకోకు, అది పాస్‌వర్డ్ దొంగల్ని ఆపుతుంది, కుకీ దొంగని మాత్రం ఆపలేదు.

పాస్‌వర్డ్ మార్చినా మళ్ళీ ఎందుకు పోయిందో కూడా నీ లెటర్‌లోనే ఉంది, మార్చింది ఆ కంప్యూటర్ నుంచే కదా. లోపల అది ఇంకా బతికే ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా నువ్వే దగ్గరుండి ఇచ్చినట్టు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా, వరస మాత్రం మార్చొద్దు. కంప్యూటర్‌కి నెట్ తీసేయ్. ఫోన్‌లోనో ఇంట్లో వేరే వాళ్ళ ల్యాప్‌టాప్‌లోనో ముందుగా మెయిల్ పాస్‌వర్డ్ మార్చు, ఎందుకంటే మిగతా అకౌంట్లన్నిటి రీసెట్ లింకులు వచ్చేది అక్కడికే. మార్చాక సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో నీకు తెలియని డివైస్‌లన్నీ సైన్ అవుట్ కొట్టు, రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ నీవేనా చూడు, ఫార్వార్డింగ్ అనే సెట్టింగ్‌లో ఎవడి అడ్రసైనా దూరిందేమో చూడు, ఈ చివరిది చాలామంది మర్చిపోతారు, నెల తర్వాత మళ్ళీ అకౌంట్ పోతే అప్పుడు తెలుస్తుంది. తర్వాత బ్యాంకు, కార్డు వివరాలు బ్రౌజర్‌లో సేవ్ అయ్యుంటే కార్డు బ్లాక్ చేయించు. తర్వాత డిస్కార్డ్, స్టీమ్ వగైరా. డిస్కార్డ్‌లో పాస్‌వర్డ్ మారిస్తే పాత టోకెన్ చెల్లకుండా పోతుంది. క్రిప్టో ఉంటే పాత వాలెట్‌ని ఇక నమ్మొద్దు, శుభ్రంగా ఉన్న డివైస్‌లో కొత్తది తెరిచి అందులోకి మార్చెయ్.

కంప్యూటర్ సంగతికొస్తే, స్కాన్ చేసి ఏమీ రాలేదని ఊరుకోవద్దు, విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించడమే నా సలహా. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్లో తయారుచెయ్. ఫొటోలు, నోట్స్ దాచుకో, పాత ఇన్‌స్టాలర్లు, గేమ్ మోడ్‌లు మాత్రం వెనక్కి తెచ్చుకోవద్దు.

ఫ్రెండ్స్‌కి కూడా చెప్పు, సిగ్గుపడకు. నీ పేరు మీద వెళ్ళిన లింక్ నొక్కినవాడికి రేపు నీ గతే. పైగా ఈ మోసంలో ఇదొక పద్ధతి కూడా, 2022లో కాస్పర్‌స్కై అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టిన ఒక మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అయితే దొంగిలించిన యూట్యూబ్ ఛానల్లోకి తనే చీట్స్ వీడియోలు అప్‌లోడ్ చేసేది, కింద లింక్ కూడా తనే పెట్టేది. నువ్వు చూసిన ఆ వీడియో కూడా నీలాంటి ఇంకో కుర్రాడి ఛానల్‌లోనే ఉండి ఉండొచ్చు.

ఇంకో మాట. జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెట్టాడో ఆలోచించావా? దాచుకునే ఫైలైతే పాస్‌వర్డ్ పక్కనే రాయడు కదా. లాక్ చేసిన జిప్ లోపలికి యాంటీవైరస్ తొంగి చూడలేదు, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు పట్టుబడకుండా ఉండటానికే అది. నిజమైన చీట్స్ కూడా గేమ్ మెమొరీలో వేలు పెడతాయి కాబట్టి యాంటీవైరస్ అరుస్తుంది, ఆ సంగతి ఆడేవాళ్ళందరికీ తెలుసు, అందుకే ‘ఆఫ్ చెయ్యి, అది ఫాల్స్ అలారం’ అంటే ఎవరికీ అనుమానం రాదు. 2021లో కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్ తీసే యాక్టివిజన్ వాళ్ళే తమ వార్‌జోన్ పేరుతో తిరుగుతున్న ఒక నకిలీ చీట్ గురించి రిపోర్ట్ ఇచ్చారు, అందులో వాళ్ళు ఎత్తిచూపింది ఇదే, చీట్ కావాలనుకునేవాడు తన కంప్యూటర్ కాపలాని తన చేత్తోనే తీసేస్తాడు, దొంగకి కావాల్సింది అంతే.

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్ళు. ఫ్రీ ఫైర్ గేమ్‌లో వాడే డైమండ్స్ ఉచితంగా వస్తాయని ఏదో సైట్‌లో గేమ్ ఐడీ కొట్టాడట. హ్యూమన్ వెరిఫికేషన్ అని రెండు యాప్‌లు వేయించారు, ఫోన్ నంబర్ కూడా అడిగితే నాది ఇచ్చాడు. డైమండ్స్ రాలేదు గానీ నా బ్యాలెన్స్ కట్ అవుతోంది. వాడేమో ‘అమ్మా, ఇంకొక్క యాప్ వేస్తే వస్తాయి’ అంటాడు. అసలు ఇలాంటివి ఒక్కటైనా నిజంగా ఉంటాయా?

జవాబు: ఒక్కటీ ఉండదమ్మా. నూటికి నూరుపాళ్ళూ అబద్ధమే, ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, డైమండ్స్ లెక్క మీ ఫోన్‌లో ఉండదు. గేమ్ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఫోన్ ఆ అంకెని చూపిస్తుందంతే. వేరే గేమ్‌ల్లో డబ్బులా వాడే రోబక్స్ అయినా, పబ్జీ యూసీ అయినా, ఫోర్ట్‌నైట్ వీ-బక్స్ అయినా ఇదే లెక్క. బయట సైట్‌లో ఐడీ కొట్టినంత మాత్రాన ఆ సర్వర్‌లో అంకె పెరగదు. ఒకవేళ నిజంగా సర్వర్‌లోకి దూరగలిగినోడు ఎవడైనా ఉంటే పిల్లలకి ఉచితంగా పంచుతూ కూర్చోడు.

మీరొకసారి ఆ సైట్‌ని బాబు పక్కన కూర్చుని చూడండి, అసలు ఐడీ ఇవ్వకుండా, యాప్‌లేవీ వేయకుండా చూస్తే చాలు. ఐడీ కొట్టగానే ‘సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది’ అని ఆకుపచ్చ అక్షరాలు పరిగెడతాయి, ఒక గీత మెల్లగా నిండుతుంది, పక్కన చాట్‌లో ఎవరెవరో ‘నాకొచ్చేశాయి’ అంటుంటారు. అదంతా ముందే రాసిపెట్టిన బొమ్మ. ఐడీ బదులు ఏదో ఒక పిచ్చి పేరు కొట్టినా ‘అకౌంట్ దొరికింది’ అంటుంది, బాబుకి ఇది చూపిస్తే మీరు గంట చెప్పినా ఎక్కనిది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. చివర్లో వచ్చే వెరిఫికేషనే అసలు వ్యాపారం, ఒక్కో యాప్ ఇన్‌స్టాల్‌కి, ఒక్కో సర్వేకి ఆ సైట్ వాడికి కమీషన్ వస్తుంది, అందుకే ‘ఇంకొక్కటి’ అనేది ఎప్పటికీ అయిపోదు.

బ్యాలెన్స్ కట్ అవుతోందంటే మీ నంబర్ మీద ఏదో పెయిడ్ సర్వీస్ మొదలైపోయి ఉంటుంది, సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నంబర్ మీదున్న వాల్యూ యాడెడ్ సర్వీసులన్నీ ఆపేయమనండి. ఆ రెండు యాప్‌లు తీసేయండి, తీసే ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్, ఎస్ఎంఎస్ పర్మిషన్ వీటిల్లో వాటి పేర్లున్నాయేమో చూసి ఆఫ్ చేయండి. యాక్సెసిబిలిటీ ఇచ్చేశామంటే ఆ యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన బదులు నొక్కగలదు, అందుకని దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గూగుల్ లేదా ఫేస్‌బుక్ లాగిన్ అడిగిందా, వాడు పాస్‌వర్డ్ కొట్టాడా అని కూడా మెల్లగా అడగండి. కొట్టి ఉంటే ఆ పేజీ నకిలీదే అనుకుని పాస్‌వర్డ్ మార్చేయండి.

మెల్లగా అని ఊరికే అనలేదు. ఈ మోసాలు నడిచేదే పిల్లలు ఇంట్లో చెప్పరన్న ధీమా మీద. బాబు మీకు చెప్పాడు చూడండి, అది మంచి విషయం, దానికి తిట్టారంటే ఈసారి చెప్పడు.

ప్రశ్న: యూట్యూబ్ లింకులు నమ్మకూడదని నాకూ తెలుసు. నేను ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో సోర్స్ కోడ్ ఉన్న టూల్సే తీసుకుని నా కంప్యూటర్‌లో నేనే బిల్డ్ చేసుకుంటా, అంటే ఆ కోడ్ నుంచి ప్రోగ్రామ్ నేనే తయారుచేసుకుంటా. కోడ్ కళ్ళముందే ఉంటుంది, నచ్చినవాళ్ళు ఇచ్చిన స్టార్స్ ఉంటాయి, రోజూ అప్‌డేట్స్ ఉంటాయి. ఇది సేఫే కదా?

జవాబు: బీటెక్ వాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తా. 2025 జూన్‌లో సోఫోస్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక రిపోర్ట్ ఇచ్చింది. ‘సకురా ర్యాట్’ (ర్యాట్ అంటే వేరేవాళ్ళ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించే ప్రోగ్రామ్) అనే హ్యాకింగ్ టూల్ ఎంత ప్రమాదకరమో చూడమని వాళ్ళ కస్టమర్ ఒకరు అడిగితే కోడ్ విప్పి చూశారు, తీరా చూస్తే అది పక్కవాళ్ళని హ్యాక్ చేసే సంగతి అటుంచి బిల్డ్ చేసుకున్నవాడి కంప్యూటర్‌నే పట్టుకుంటోంది. ఆ దారిపట్టుకుని వెతికితే ఒకే మనిషికో గుంపుకో సంబంధించినట్టున్న 141 రిపోజిటరీలు (గిట్‌హబ్‌లో ఒక్కో ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు, రిపో అని కూడా అంటారు) దొరికాయి, వాటిల్లో 133 లోపల బ్యాక్‌డోర్, అంటే దొంగ దారి ఉంది. వాటిల్లో సగానికి పైగా గేమ్ చీట్స్ పేరుతో పెట్టినవే.

ఎక్కడ దాచారో చూడండి. చాలావాటిల్లో అసలు కోడ్ ఫైళ్ళలో ఏమీ లేదు. విజువల్ స్టూడియో ప్రాజెక్ట్ ఫైల్‌లో ప్రీబిల్డ్ అని ఒక చోటుంటుంది, బిల్డ్ నొక్కగానే కంపైల్ కంటే ముందు ఏ కమాండ్ నడవాలో రాసుకునే చోటు, ఆ కమాండ్‌ని అక్కడ పెట్టారు. మీరు కోడ్ అంతా లైన్ లైన్ చదివినా ప్రాజెక్ట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తారా? ఎవరూ చూడరు. ఇంకొన్ని పైథాన్ ఫైళ్ళలో లైన్ చివర బోలెడంత ఖాళీ వదిలి, స్క్రీన్‌కి కుడివైపు ఎక్కడో కనిపించనంత దూరంలో కోడ్ పెట్టారు, స్క్రోల్ చేస్తే తప్ప కనపడదు. రోజూ అప్‌డేట్స్ అన్నారు కదా, ఆ అప్‌డేట్లు (కమిట్లు అంటారు) కూడా ఆటోమేటిక్‌గా వేయించినవే, ప్రాజెక్ట్ బతికి ఉన్నట్టు కనపడాలని. స్టార్స్ కొనుక్కోవచ్చు, అది పెద్ద రహస్యమేమీ కాదు.

అదే ఏడాది జనవరిలో క్లౌడ్‌సెక్ అనే ఇంకో సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టింది ఇంకొకటి. ఎక్స్‌వార్మ్ అనే ర్యాట్ తయారుచేసుకునే బిల్డర్ ఫ్రీ అని గిట్‌హబ్‌లో, టెలిగ్రామ్‌లో, యూట్యూబ్ ట్యుటోరియల్స్‌లో తిప్పారు, కొత్తగా హ్యాకింగ్ నేర్చుకుందామనుకునేవాళ్ళు దింపుకున్నారు, అది వాళ్ళ కంప్యూటర్లనే పట్టేసింది. లెక్కకి వచ్చినవే 18,459 డివైస్‌లు. 

హ్యాకింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే దాన్ని చంపుకోమని నేను చెప్పను, చాలా మంచి ఉద్యోగాలు ఉన్న లైన్ అది. రోజూ వాడే కంప్యూటర్‌లో కాకుండా వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది), మీ అకౌంట్లు ఏవీ లాగిన్ అయి లేని చోట, ప్రాక్టీస్ కోసమే పెట్టిన ల్యాబ్‌ల మీద నేర్చుకోండి. తెలియని రిపో ఏదైనా తెరిచి బిల్డ్ నొక్కే ముందు ప్రాజెక్ట్ ఫైల్, సెటప్ స్క్రిప్ట్ చదవండి. అందులో పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) అని గానీ, అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల వరస గానీ కనిపిస్తే మూసేయండి.

ప్రశ్న: మా చెల్లి రోబ్లాక్స్ ఆడుతుంది. ఎవరో ‘ఎఫ్12 నొక్కి అందులో ఒక లైన్ కాపీ చేసి నాకు పంపు, నీకు అరుదైన ఐటమ్ ఇస్తా’ అన్నారట. అదేంటి? ఇంకో సైట్‌లో అయితే రోబో కాదని నిరూపించుకోవడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి పేస్ట్ చెయ్యమంది.

జవాబు: ఎఫ్12 నొక్కితే బ్రౌజర్ లోపలి వివరాలు తెరుచుకుంటాయి, అందులో కాపీ చెయ్యమన్న లైన్ ఇందాక చెప్పిన సెషన్ కుకీయే, ఇక్కడ మాల్వేర్ కూడా అక్కర్లేదు, చెల్లి చేతే తీయించి పంపించుకుంటున్నాడు. రోబ్లాక్స్ వాళ్ళు ఆ కుకీ మొదట్లోనే పెద్దక్షరాల్లో హెచ్చరిక రాసిపెట్టారు, ఇది ఎవరికైనా ఇస్తే వాళ్ళు నీలాగా లాగిన్ అయి నీ రోబక్స్, ఐటమ్స్ దొంగిలించగలరు అని. అది ఇంగ్లీష్‌లో ఉంటుంది, చిన్నపిల్లలు చదవరు, ఎవరైనా పక్కన ఉండి చదివి చెప్పాలి. పంపేసి ఉంటే ఇప్పుడే వేరే డివైస్‌లో పాస్‌వర్డ్ మార్చి, అన్ని సెషన్ల నుంచీ లాగ్ అవుట్ కొట్టించండి. ‘ఈ బటన్‌ని బుక్‌మార్క్ బార్‌లోకి లాగు’ అని అడిగినా అదే మోసం, ఆ బుక్‌మార్క్‌లో లింక్‌కి బదులు కోడ్ ఉంటుంది.

రెండోది ఇంకా ప్రమాదం. ఆ సైట్ తెరిచినప్పుడే, లేదా ‘నేను రోబో కాదు’ అన్న గడి నొక్కినప్పుడే, మీకు తెలియకుండా ఒక కమాండ్ కాపీ చేసిపెడుతుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చేది రన్ బాక్స్, అందులో పేస్ట్ చేసి ఎంటర్ కొడితే ఆ కమాండ్ మీ పర్మిషన్‌తోనే నడుస్తుంది, డౌన్‌లోడ్ అవుతున్నట్టు కూడా కనిపించదు. రోబో కాదని తేల్చే నిజమైన పరీక్ష (క్యాప్చా) ఏదీ కీబోర్డ్‌లో రన్ బాక్స్ తెరవమని అడగదు. ఇలా వచ్చే వాటిల్లో ఎక్కువగా వినపడిన పేరు లుమ్మా అనే ఇన్ఫోస్టీలర్, 2025 మార్చి 16 నుంచి మే 16 మధ్య రెండు నెలల్లో 3,94,000కి పైగా విండోస్ కంప్యూటర్లకి సోకిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది, ఆ మే నెలలోనే కోర్టు ఆర్డర్‌తో లుమ్మా నడిపేవాళ్ళ డొమైన్లు (వెబ్ అడ్రస్‌లు) లాక్కున్నారు. అంతకు ముందు 2024 అక్టోబర్‌లో నెదర్లాండ్స్ పోలీసులు, ఎఫ్‌బీఐ కలిసి రెడ్‌లైన్ అనే ఇంకోదాని సర్వర్లు పట్టుకున్నారు. ఒకటి మూస్తే ఇంకొకటి వస్తోంది, కాబట్టి పోలీసులు చూసుకుంటారులే అని వదిలేసే విషయం కాదు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒకడి దగ్గర డబ్బులు పెట్టి చీట్ కొన్నా. రెండ్రోజులకే ఐడీ బ్యాన్. ఇప్పుడు హార్డ్‌వేర్ బ్యాన్ (ఐడీనే కాకుండా కంప్యూటర్‌నే గేమ్ నుంచి నిషేధించడం) తీసే స్పూఫర్ కొనమంటున్నాడు, కొనకపోతే నా వివరాలు గేమ్ కంపెనీకి ఇస్తాడట.

జవాబు: ఒక్క పైసా ఇవ్వొద్దు. నువ్వు ఆల్రెడీ బ్యాన్ అయ్యావు, కంపెనీకి వాడు కొత్తగా చెప్పేదేముంది. చాట్ స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన వివరాలు దాచుకుని బ్లాక్ చెయ్, బెదిరింపులు ఆగకపోతే సైబర్ పోలీసులకి కంప్లైంట్ ఇవ్వు, చీట్ కొన్నానని చెప్పాల్సొస్తుందని వెనకాడకు. వాడిచ్చిన ఫైల్ రన్ చేశావు కాబట్టి మొదటి జవాబులో చెప్పినదంతా నీకూ వర్తిస్తుంది, స్పూఫర్ అంటే అంతకంటే లోతుగా, డ్రైవర్ స్థాయిలో కూర్చునే ప్రోగ్రామ్, అపరిచితుడి దగ్గర కొని కంప్యూటర్‌లో అంత లోపలికి రానివ్వకూడదు.

ప్రశ్న: నా ఇన్‌స్టా అకౌంట్ పోయింది. కామెంట్లలో ఒక ‘ఎథికల్ హ్యాకర్’ గురించి చాలామంది రాశారు, అతని టూల్‌తో గంటలో తెచ్చిస్తాడట. ముందు సగం డబ్బు అడుగుతున్నాడు. మా అకౌంట్ తెచ్చాడని రాసినవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, నమ్మొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ కామెంట్లు రాసింది వాడూ వాడి మనుషులూ, బాట్ అకౌంట్లూ. అకౌంట్ పోయింది అని ఎవరైనా పోస్ట్ పెట్టగానే నిమిషాల్లో వాలిపోతారు, ఒకసారి మోసపోయినవాళ్ళు కంగారులో రెండోసారి కూడా డబ్బు పెడతారని వాళ్ళకి బాగా తెలుసు. సగం కట్టాక ‘సర్వర్ ఫీజు’ అంటాడు, అది కట్టాక ‘కోడ్ కొనాలి’ అంటాడు, మధ్యలో మీ మెయిల్‌కి వచ్చిన ఓటీపీ చెప్పమంటాడు, అది చెప్తే ఉన్న మెయిల్ కూడా పోతుంది. బయటివాడి దగ్గర ఇన్‌స్టా అకౌంట్ తెచ్చిచ్చే టూల్ ఏదీ ఉండదు.

ముందు మీ మెయిల్‌లో ఇన్‌స్టాగ్రామ్ నుంచి ‘మీ ఈమెయిల్ అడ్రస్ మారింది’ అన్న మెసేజ్ వచ్చిందేమో స్పామ్‌తో సహా వెతకండి, మార్పు మీరు చెయ్యకపోతే వెనక్కి తిప్పే లింక్ అందులోనే ఇస్తారు. పంపింది ఇన్‌స్టాగ్రామేనా అని అడ్రస్ ఒకసారి సరిచూసుకుని నొక్కండి. అది దొరక్కపోతే యాప్ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ మర్చిపోయారా అన్నదాని నుంచి మొదలుపెట్టి సపోర్ట్ అడిగినవి ఇవ్వండి, ప్రొఫైల్‌లో మీ ఫొటోలు ఉంటే సెల్ఫీ వీడియో కూడా అడగొచ్చు. మొదటిసారి కుదరకపోయినా మళ్ళీ పెట్టండి. ఈలోపు దగ్గరివాళ్ళకి ఫోన్ చేసి, ఆ అకౌంట్ నుంచి డబ్బు అడుగుతూ మెసేజ్ వస్తే పంపొద్దని చెప్పండి.